రెండు వాటాల మీద ఒకే కప్పు

వాన చుక్కలు మంచం మీదే పడ్డాయి, అదీ ఆయన పడుకునే వైపు. చిన్నకోడలు లేచి వంటింట్లోంచి వెడల్పాటి గిన్నె ఒకటి తెచ్చి, ఆయన దిండు ఉండే చోట పెట్టి, మళ్ళీ తన వైపు పడుకుంది. మంచం పక్కకి జరపొచ్చు. ముందుగదిలో చాప వేసుకోవచ్చు. అవేవీ తోచలేదు. గిన్నె నిండితే లేచి పారబోసింది, తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టింది. ఆ వారమంతా గిన్నె పక్కనే పడుకుంది.

అప్పటికి భర్త పోయి మూడు నెలలు. ఆయన బస్సు డ్రైవరు, దూరం సర్వీసులు నడిపేవాడు. ఒక సాయంత్రం డిపోలో బస్సు అప్పజెప్పి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని బెంచీ మీద కూర్చున్నాడు. మర్నాటికి లేడు. వచ్చినవాళ్ళందరూ ఆమె ఏడుస్తుందని ఎదురుచూశారు. ఏడవకపోతే లోపలే గడ్డకట్టుకుపోతుందని ఒకావిడ వీపు మీద చరిచింది కూడా. ఏడుపు రాలేదు. ఏదో సరుకు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చిన మనిషిలా, ఇంకా ఏదో చేయాల్సింది ఉందన్నట్టు మాత్రం అనిపించేది. పిల్లలు లేరు. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం ఉంది. కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఎలా ఉంటోందని షాపు యజమాని భార్య అడిగితే, మంచం మీద గిన్నె సంగతి మామూలుగా చెప్పింది. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో మేస్త్రి ఉన్నాడు.

అతన్ని అందరూ పిల్లిమేస్త్రి అంటారు. కప్పు మీద నడిస్తే కింద ఉన్నవాళ్ళకి చప్పుడే వినపడదట. మనిషి మాత్రం పిల్లిలా ఉండడు. బొజ్జ ఉంది, గుమ్మం మెట్లెక్కడానికే రొప్పాడు. "నేల మీదేనమ్మా ఈ ఆయాసం. పైకి వెళ్తే ఏమీ ఉండదు," అన్నాడు.

నిజమే, నిచ్చెన మీద అటకెక్కాక అతని చప్పుడే లేదు. టార్చి వెలుగు మాత్రం పలకల సందుల్లోంచి అటూ ఇటూ తిరిగింది. కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

"రాతి గోడలకేం కాదు. ఇంకో నాలుగు తరాలు నిలబడతాయి. పైన ఉన్నదే పోయింది. వాసాలు చెదలు తినేశాయి. నడిమి దూలంలోకి స్క్రూడ్రైవరు పెడితే తడి సబ్బులోకి దిగినట్టు దిగింది. పెంకులేవో ఒకదాన్నొకటి పట్టుకుని మొహమాటానికి నిలబడి ఉన్నాయి."

"అయితే మార్చండి."

"మారుస్తాను. అటువాళ్ళు ఏమంటారు?"

ఆమె అటు గోడ వైపు చూసింది.

"సగం కప్పు మార్చడం కుదరదమ్మా. దూలం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కటే. నేను ఇటు విప్పితే అటు కూర్చుంటుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే పని."

అటువాళ్ళు అంటే బావగారు, ఆయన భార్య. అత్తగారు పోయి ఏళ్ళయినా వీధికి ఈ తోడికోడళ్ళిద్దరూ ఇంకా పెద్దకోడలు, చిన్నకోడలే. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఒక్కటే, ఆవిడ పోయిన ఏడాదికి రెండు వాటాలైంది. హాలు మధ్యలో ఇటుక గోడ లేపారు. తాపీమేస్త్రి కిటికీ పాడవకూడదని గోడని జానెడు పక్కకి జరిపాడు. ఆ జానెడు ఎవరిదన్న దాని మీద అన్నదమ్ములిద్దరూ మాటా మాటా అనుకున్నారు. చివరికి కట్టిన గోడ పడగొట్టి సరిగ్గా మధ్యలోంచి మళ్ళీ కట్టించారు. గోడ వచ్చి కిటికీని రెండు చేసింది. అప్పటినుంచి ఒక రెక్క వీళ్ళది, ఒక రెక్క వాళ్ళది. ఆ పూట ఆగిపోయిన మాటలు మళ్ళీ మొదలవలేదు.

మేస్త్రి వెళ్ళిపోయాక చిన్నకోడలు చెప్పులు వేసుకుని, తన మెట్లు దిగి, పక్క మెట్లెక్కి తలుపు తట్టింది.

పెద్దకోడలు తలుపు తీసింది. చేతిలో తడిగుడ్డ ఉంది. గడపకి అడ్డంగా అలాగే నిలబడింది.

"ఏం?"

"కప్పు కూలేట్టుందట అక్కా. రెండు వైపులా కలిపి మార్చాలంటున్నాడు మేస్త్రి."

అక్కా అన్న మాట నోటికి అలవాటుగా వచ్చేసింది. పెద్దకోడలు ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. గొడవకి సిద్ధపడ్డ మనిషి, గొడవ దొరక్క ఏం చేయాలో తెలియనట్టు నిలబడింది. తర్వాత పక్కకి జరిగింది.

"రా, లోపలికి."

కుర్చీలో కూర్చున్నాక చిన్నకోడలికి గుర్తొచ్చింది. ఆ గడప తొక్కనని తన భర్త పదిమందిలో ఒట్టు పెట్టుకున్నాడు. తనూ పక్కనే నిలబడి తలూపింది. ఒట్టు గుర్తొచ్చింది కానీ దాని వెనక ఉండాల్సిన కోపం రాలేదు. కాసేపు వెతుక్కుంది. ఎక్కడ పెట్టిందో తెలియని సామానులా ఉంది అది కూడా.

"మా వైపూ కారుతోంది. నేనే ఎవర్నైనా పిలుద్దామనుకుంటున్నా. ఖర్చు చెరిసగం," అంది పెద్దకోడలు.

"సరే అక్కా."

"ముందు ఏ వైపు?"

"ముందు మీదట. మా వైపు దూలం కూర్చోకుండా గుంజలు ఆనించి విప్పుతాడట. అది అయ్యేదాకా మీరు మా వాటాలో ఉండాలి. తర్వాత మాది విప్పుతాడు. అప్పుడు నేను ఇటు వస్తాను. వేరే చోటికి వెళ్ళడం కంటే అదే నయమన్నాడు."

పెద్దకోడలి ముఖం మారింది. వెనక్కి తిరిగి లోపలిగది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు తగ్గించింది.

"మీ బావగారికి చెప్పలేదు."

"కప్పు సంగతా?"

"మరిది సంగతి."

"ఆయన పోయిన సంగతా?" అంది చిన్నకోడలు.

"అది జరిగిన రోజుల్లో ఆయన ఆసుపత్రిలోనే ఉన్నారు. అంతకు పది రోజుల ముందేగా ఆయనకి పక్షవాతం వచ్చింది. ఆందోళన పడే మాటేదీ చెవిన పడకూడదన్నాడు డాక్టరు. నేనొక్కదాన్నే వచ్చి వెనకాల నిలబడి వెళ్ళిపోయాను. ఇంటికి తెచ్చాక ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..." ఆమె గుడ్డని రెండు చేతులతో పిండింది, అందులో నీళ్ళేమీ లేకపోయినా. "ఇప్పుడు మీ ఇంట్లోకి తీసుకొస్తే, వాడేడని అడుగుతారు."

"డ్యూటీకి వెళ్ళారని చెబుదాం," అంది చిన్నకోడలు.

"చెప్పగలవా?"

"ఆఁ."

అబద్ధం ఆడాలన్న ఆలోచన కూడా అంత పెద్దగా అనిపించలేదు. ఏ మాటైనా ఆమెకి అప్పుడు ఒకే బరువు.

*

పని మొదలైన రోజు బావగారిని కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పనివాళ్ళు నాలుగు కాళ్ళు పట్టుకుని ఆ మెట్లు దింపి ఈ మెట్లెక్కించారు. "పల్లకీ యోగం అందరికీ రాదు పెద్దయ్యగారూ," అన్నాడు పిల్లిమేస్త్రి. బావగారు నవ్వాడు. నవ్వు ముఖానికి ఒక పక్కే వచ్చింది. నీళ్ళ మీటర్లు చూసుకుంటూ ఊరంతా కాలినడకన తిరిగిన మనిషి. ఇప్పుడు కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కాదన్నట్టు అప్పుడప్పుడూ దాని వంక చూసుకుంటున్నాడు.

గదిలోకి రాగానే ఆయన కళ్ళు అన్నిటి మీదా తిరిగాయి. చిన్నప్పుడు తిరిగిన గదే. మేకుకి తగిలించిన తమ్ముడి చొక్కా దగ్గర ఆగాయి. దాన్ని తీయాలని చిన్నకోడలికి ఈ మూడు నెలల్లో తోచనే లేదు.

"వాడు... ఏడి?"

పెద్దకోడలు స్టవ్వు వైపు తిరిగిపోయింది.

"డ్యూటీ మీద వెళ్ళారు బావగారూ. ఈసారి దూరం వేశారు."

"ఎప్పుడు..."

"పై వారం అంటున్నారు. మనుషుల్లేరట, డబుల్ డ్యూటీలు చేయిస్తున్నారు."

బావగారు తలూపాడు. "నేను... వచ్చానని..."

"చెప్పాను. సరే ఉండనీ అన్నారు."

ఆయన ముఖంలో కదిలే పక్క మెల్లగా సడలింది. సరే ఉండనీ అన్న ఆ రెండు మాటలూ ఎక్కడినుంచి వచ్చాయో చిన్నకోడలికి తెలియదు. తన భర్త మాట తీరు అచ్చం అదే.

అక్కడినుంచి ఆయన రోజూ అడిగాడు, ఆమె రోజూ చెప్పింది. బస్సు టైరు పంచరైందట. అక్కడ వానలు లేవట. అక్కడి కాంటీన్లో తిండి బాగుందట. షాపులో కళ్ళజోళ్ళ మరలు బిగిస్తూ సాయంత్రానికి ఏం చెప్పాలో అనుకునేది. ఒకసారి కళ్ళజోడు సరిగ్గా కూర్చుందా అని అడగాల్సిన మనిషిని, రూటు ఏదండీ అని అడిగింది. ఆయన ఏ రూటు అన్నాడు. ఏం లేదండీ అని చెవి దగ్గర కాడ వంచి ఇచ్చింది.

ఇల్లు ఇరుకైపోయింది. ఆ వాటా సామానంతా ఈ వాటాలో పడింది. మంచాల మధ్య అడ్డంగా నడవాలి. గోడ అవతల పొద్దుటినుంచి పెంకులు దింపే చప్పుడు, మేకులు పీకే చప్పుడు. సున్నం దుమ్ము పాలగిన్నె మీద కూడా పేరుకునేది. తోడికోడళ్ళిద్దరూ ఒకే వంటింట్లో ఒకరికొకరు తగలకుండా తిరిగేవాళ్ళు. వాళ్ళ చేతులకి ఆ వంటిల్లు పాత అలవాటే. ఒకరు కూర తరిగితే ఇంకొకరు అడక్కుండానే మూకుడు పెట్టేవాళ్ళు.

ఒకసారి గిన్నెలు తోముతూ పెద్దకోడలు అంది, "అంత నమ్మకంగా ఎలా చెప్తావే నువ్వు? నాకే ఒక్కోసారి మరిది వస్తున్నాడేమో అనిపిస్తుంది."

"ఇదివరకూ అలాగే ఉండేదిగా అక్కా. ఆయన ఇంట్లో ఉన్నదెప్పుడు?"

పెద్దకోడలు ఆమె వంక చూసి గిన్నె బోర్లించింది.

*

ఆ వాటా కప్పు పూర్తవడానికి వచ్చింది. కొత్త దూలం ఆ సగం మేర ఎక్కింది, వాసాలు వేశారు, ఎర్రటి కొత్త పెంకులు చూరు దాకా వచ్చాయి. ఒక ఆదివారం పెద్దకోడలు మందులకని బజారుకి వెళ్ళింది. బావగారి కళ్ళజోడు వదులైపోయి ముక్కు మీదికి జారుతోంది. చిన్నకోడలు షాపునుంచి తెచ్చిన చిన్న స్క్రూడ్రైవరుతో, ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని, దాన్ని బిగిస్తోంది. కిటికీ రెక్క తీసి ఉంది. బయట పనివాళ్ళు పాత పెంకుల్లో పగలనివాటిని ఏరి ఒక పక్కన పేరుస్తున్నారు.

"వాడికి... చూపించాలి," అన్నాడు బావగారు, కుప్ప వైపు ఎడమచెయ్యి చాపి. "మేమే... మోశాం. నాన్న... పైన. మేం... కింద."

కప్పు ఇంతకుముందోసారి మార్చినప్పుడు అన్నదమ్ములిద్దరూ పెంకులు అందించారట. ఆ మాట ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యమధ్యలో మాట దొరక్క ఆగిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు. మర పట్టుకుంది, తిప్పింది.

"వాడు... ఎప్పుడొస్తాడు?"

పై వారం అనాలి. ఆ మాట నోట్లో సిద్ధంగానే ఉంది. ఎందుకో దాన్ని ఎత్తడానికి ఓపిక లేకపోయింది. కావాలని అనుకోలేదు, జాలిపడి చెప్పలేదు, విసుగూ కాదు. మోస్తున్న సంచీ చేతిలోంచి జారిపోయినట్టు జారిపోయింది.

"రారు బావగారూ. ఆయన లేరు. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడే పోయారు. గుండెపోటు."

బావగారు ఆమెనే చూశాడు. కళ్ళజోడు లేని ఆ కళ్ళకి ఆమె ముఖం ఎంతవరకు కనిపించిందో తెలియదు. కిటికీ బయట ఎవరో పెంకు మీద పెంకు పెట్టిన చప్పుడైంది. ఆయన నోరు ముందు ఒక పక్క తెరుచుకుంది, శబ్దం తర్వాత వచ్చింది. మాటలకి అడ్డుపడే నాలుక ఏడుపుకి అడ్డుపడలేదు. తల వెనక్కి వాల్చి, చిన్నపిల్లాడిలా, గుక్కపట్టి ఏడ్చాడు. బయట పని ఆగిపోయింది. పిల్లిమేస్త్రి కిటికీ దాకా వచ్చి, లోపలికి చూసి, మాట్లాడకుండా వెనక్కి వెళ్ళాడు.

చిన్నకోడలు పీట మీద అలాగే కూర్చుంది. ఇలా ఏడవాలి కాబోలు అనుకుంది. చేతిలో కళ్ళజోడు ఉంది. మర బిగిసింది. తిరిగి పెట్టాలంటే ఆయన ముఖం తడిగా ఉంది, అందుకని చేతిలోనే ఉంచుకుంది.

పెద్దకోడలు వచ్చేసరికి ఆయన ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. సంచీ గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆయన తల పట్టుకుంది. విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"చెప్పేశావా?"

"ఆఁ."

"నన్నడక్కుండా? మనిషికేమైనా అయితే? నీకసలు గుండె ఉందా?"

"తెలీదక్కా," అంది చిన్నకోడలు. నిజంగానే తెలియక అంది. పెద్దకోడలు కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

డాక్టరు వచ్చి రక్తపోటు చూశాడు. కొంచెం పెరిగింది, ఆ మాటకొస్తే ఎవరికైనా పెరుగుతుంది అన్నాడు. బావగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెద్దకోడలు చిన్నకోడలితో మాట్లాడలేదు, కానీ ఆమె కంచంలో వడ్డించడం మానలేదు. గంటె మాత్రం కాస్త గట్టిగా తగిలింది.

ఆ మర్నాడు వంటింట్లో, చేతిలో ఉల్లిపాయ కూడా లేకుండానే, పెద్దకోడలి కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"మరిది పోతే నాకు ఏడవడానికి కూడా లేకపోయింది తెలుసా? ఇంట్లో ఈయన. స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. పెళ్ళై వచ్చేసరికి వాడు నిక్కర్లేసుకునేవాడు. వదినా అని వెనకాలే తిరిగేవాడు. ఎవరో కట్టిన గోడా అది? మేమే కట్టించాం." ముక్కు చీది, "ఇప్పుడు హాయిగా ఉంది. నీ మీద కోపంగానూ ఉంది. రెండూ ఉన్నాయి," అంది.

"ఉండనీ అక్కా," అంది చిన్నకోడలు.

*

బావగారు మూడో రోజు లేచి కూర్చున్నాడు. కుర్చీ కిటికీ దగ్గరికి వేయించుకున్నాడు. చిన్నకోడలు షాపుకి బయల్దేరుతుంటే ఎడమచేత్తో కొంగు పట్టుకుని ఆపాడు.

"చెప్పు."

"ఏం చెప్పను బావగారూ?"

"అంతా."

ఆమె సంచీ దించి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. అడిగినవాళ్ళందరూ సగంలోనే అయ్యో అనేవాళ్ళు, దాంతో అక్కడే ఆగిపోయేది. బావగారు అయ్యో అనలేదు. డిపో బెంచీ దగ్గర మొదలుపెట్టింది. తోటి డ్రైవరు ఆటోలో తెచ్చిన సంగతి. ఆసుపత్రిలో మంచం ఖాళీ లేక వరండాలో కాసేపు ఉంచిన సంగతి. ముక్కుకి గొట్టం పెడితే చిరాకుపడి తీసేయబోయాడు. తెల్లవారుజామున కాస్త తేలికగా ఉందన్నాడు. కాఫీ కావాలన్నాడు, ఇవ్వకూడదన్నారు. డిపోలో తన లాకరు తాళంచెవి జేబులో ఉందని, దాన్ని తిరిగి ఇచ్చేయమని చెప్పాడు. అదే చివరి మాట.

చెబుతుంటే ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. బస్సు టైరు పంచరైన సంగతి చెప్పిన గొంతే.

బావగారు కుడి చేతిని ఎడమచేత్తో ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత, "నన్ను... అడిగాడా?"

గుమ్మం దగ్గర పెద్దకోడలు నిలబడి ఉంది. అడిగాడని చెప్పమన్నట్టు కళ్ళతో చూసింది. అంతకాలం అన్ని అబద్ధాలు చెప్పినదానికి ఇంకొక్కటి పెద్ద కష్టం కాదు.

"లేదు బావగారూ. అడగలేదు."

బావగారి ముఖం కదిలింది. మళ్ళీ ఏడుస్తాడనుకున్నారిద్దరూ. గొంతులోంచి ఏదో గరగరమని వచ్చింది. అది నవ్వు.

"మొండి... వెధవ," అన్నాడు.

"అవును," అంది చిన్నకోడలు. "మహా మొండి."

"నేనూ... అంతే."

"మీరూ అంతే," అంది పెద్దకోడలు గుమ్మంలోంచి.

ఆ రోజు చిన్నకోడలు షాపుకి ఆలస్యంగా వెళ్ళింది. దారిలో నడుస్తూ, ఆయన నిజంగానే అన్నగారి పేరెత్తలేదని, ఒక పూటంతా టైమున్నా ఎత్తలేదని అనుకుంది. దాని మీద ఏదో ఒకటి అనిపించాలి. ఇంకా ఏమీ అనిపించలేదు కానీ, అనిపించాలన్న సంగతి మాత్రం తెలిసింది.

*

తర్వాత ఆమె వాటా వంతు వచ్చింది. సామాను అటు మోశారు, బావగారి కుర్చీ మళ్ళీ ఈ మెట్లు దిగి ఆ మెట్లెక్కింది. పెంకులన్నీ దింపేసిన రోజు సాయంత్రం, పనివాళ్ళు వెళ్ళాక, ఆమె ఒక్కతే వెళ్ళి తన పడకగదిలో నిలబడింది. నాలుగు రాతి గోడలు, పైన ఆకాశం. గది ఆమె అనుకున్నంత పెద్దది కాదు. ఏనాడూ వెలుగు చూడని మూలల్లో ఎండ పడుతోంది. గోడ మీద మంచం తల ఆనిన చోట నూనె మరక, అలమర కాళ్ళ గుర్తులు. నేల మీద చెదలు కొట్టిన పొట్టు. ఒక కాకి గోడ మీద వాలి, లోపలికి చూసి, ఎగిరిపోయింది. ఇక్కడ ఇన్నేళ్ళున్నాం అనుకుంది. ఎవరో అద్దెకి చూడ్డానికి వచ్చిన ఇంటిలా ఉంది. చీపురు తెచ్చి పొట్టు ఊడ్చింది. రేపు మళ్ళీ పడుతుందని తెలుసు.

మళ్ళీ వాన పడేలోపే పని ముగించాలని పిల్లిమేస్త్రి మనుషుల్ని పెంచాడు. దూలం రెండో ముక్కని నడిమి గోడ మీద మొదటిదానితో కలిపి, ఇనుప పట్టీ వేసి బిగించాడు. వాసాల మీద అడ్డంగా సన్నటి రీపర్లు కొట్టాడు. పెంకులు పరిచాడు. చివరిగా చూరు వెంట, ఇల్లు ఈ చివరినుంచి ఆ చివరిదాకా, నీళ్ళు పోవడానికి తగరపు కాలువ బిగించాడు. ఇదివరకు అది లేదు. నీళ్ళు చూరంతా కారి గోడ అడుగు నానిపోతోందని అతనే పెట్టమన్నాడు.

"ఇక గొట్టం ఒక్కటే మిగిలింది," అన్నాడు నిచ్చెన మీదినుంచి. "ఏ వైపు దింపమంటారు?"

"ఆ వైపు," అన్నారు తోడికోడళ్ళిద్దరూ. ఇద్దరూ రెండు వేర్వేరు వైపులు చూపించారు.

"మీ వైపేగా వాలు ఉంది," అంది పెద్దకోడలు. "వీధి కాలువ కూడా మీ ముందే ఉంది."

"మా మెట్ల పక్కన దింపితే నేను రోజూ బురదలోంచి నడవాలి అక్కా. మీ చివర ఖాళీ స్థలం ఉంది."

"ఖాళీ కాదది. ఆయన కుర్చీ వేసుకునే చోటు."

"అంత చోటూ ఆయన కుర్చీకేనా?"

"అంతే నువ్వు. ఆనాడు కూడా ఇంతే. జానెడు కోసం కట్టిన గోడ పడగొట్టించావు."

"నేను పడగొట్టించానా? జానెడు జానెడని వీధంతా తిరిగి చెప్పిందెవరు? కిటికీ చీల్చిందెవరు?"

"నోరు లేస్తోందే."

"ఎందుకు లేవకూడదు? అన్నిటికీ సరే సరే అంటున్నానని, గొట్టం కూడా నా నెత్తినే దింపుతారా?"

పిల్లిమేస్త్రి గొట్టం భుజాన పెట్టుకుని ఆమె మాట్లాడినప్పుడు ఆమె వైపు, ఈమె మాట్లాడినప్పుడు ఈమె వైపు చూస్తున్నాడు. లోపలినుంచి బావగారి గొంతు వచ్చింది.

"ఇటు... వచ్చి... పోట్లాడుకోండి. వినపడట్లేదు."

పనివాడొకడు నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. చిన్నకోడలు తన వాటాలోకి వెళ్ళి తలుపు ధడేలున వేసింది. సామాను ఇంకా తిరిగి రాలేదు, గదంతా బోసిగా ఉంది, కొత్త కలప వాసన కొడుతోంది. చెవులు వేడెక్కిపోయాయి. గది ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. ఎంత మాటంది. జానెడు నేనడిగానట. ఆయన రానీ చెప్తాను. వాళ్ళ వదిన సంగతి ఆయనకే చెప్తాను, ఆయనే వచ్చి...

నడుస్తున్నదల్లా ఆగింది.

ఆయన రాడు.

ఈ మాట బావగారికి తనే చెప్పింది. డిపోలో చెప్పింది, ఆఫీసుల్లో చెప్పింది, షాపులో చెప్పింది. తనకి మాత్రం ఇప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టుంది. అక్కడే, ఉత్త నేల మీద కూర్చుండిపోయింది. మొదట దగ్గు అనుకుంది. తర్వాత అది ఏడుపై పైకి వచ్చింది. కొత్త కప్పు కింద ఆ ఖాళీ గదిలో ఆమె గొంతు ఆమెకే వింతగా వినిపించింది.

కాసేపటికి తలుపు తోసుకుని పెద్దకోడలు వచ్చింది. "మా వైపే దింపమంటాన్లే, కుర్చీ కాస్త జరిపితే సరిపోతుంది," అంటూ వచ్చి, నేల మీద మనిషిని చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. వీపు మీద చరవలేదు, ఊరుకో అనలేదు. చెయ్యి మాత్రం ఆమె భుజం మీద వేసి ఉంచింది.

"ఏమ్మా, ఏ వైపని ఖాయం?" అని పైనుంచి పిల్లిమేస్త్రి అడిగాడు. ఇంకోసారి అడగబోయి, లోపలినుంచి వస్తున్న చప్పుడు విని మానేశాడు. గొట్టాన్ని తీగతో చూరుకి కట్టేసి, చప్పుడు లేకుండా నిచ్చెన దిగి, మనుషుల్ని తీసుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.